ప్రమాణమునకు ముందు వైద్యము

(ప్రొద్దుటూరున జరిగిన మన సంఘ వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)

  

ముప్పదియైదేండ్లు పల్లెబడులలో తెలుగును సంస్కృతమును బోధించి, ఇప్పుడు విశ్రాంతి గైకొనియున్న మమ్ము ఈ సభలో నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు కోరిరి. మావంటివారిని పిలిచినచో కులపురాణమును గూర్చియో, బాలబాలికల విద్యను గూర్చియో ప్రసంగింతురని మీరు తలచియుందురు. మేమును మొదట అట్లే తలచితిమి. కాని నేటి కార్యక్రమపత్రమున మూడవ తీర్మానమును చదివిన పిమ్మట మా సంకల్పము మారినది.

ఆ తీర్మానమిది: మన కులమున మద్యపానము చేయువారందఱును రాబోవు ఉగాదినాడు కులదేవత సన్నిధిని కర్పూరము వెలిగించి ప్రమాణము చేసి, ఆ క్షణమునుండియే త్రాగుడు మానవలయును, మాట తప్పినవారు జరిమానా చెల్లింపవలయును, రెండవమారు తప్పినవారిని శుభాశుభములకు పిలువరాదు. దీనిని వ్రాసినవారిలో మా శిష్యులును గలరు. వారి యుద్దేశము మంచిదే. మగ్గముమీద సంపాదించినది మద్యపు దుకాణమునకు పోవుట చూచి కడుపు మండి వ్రాసిరి. ఐనను ఈ తీర్మానము ఉన్నది ఉన్నట్లుగా నెగ్గినచో, ఉగాది వెళ్లిన నాలుగు దినములలోపల మనలో కొందఱి ప్రాణములు పోవచ్చునని మేము భయపడుచున్నాము. ఇది అలంకారమునకు చెప్పుమాట గాదు.

ఈ భయము పుస్తకములు చదివి కలిగినది గాదు. మా మూలమున ఒక ప్రాణము పోగా కలిగినది. పదునాలుగేండ్ల క్రిందట, మేమింకను ఉద్యోగములో నుండగా, జమ్మలమడుగు చేరువ గ్రామమున మా పూర్వశిష్యుడొకడు మగ్గము నేయుచుండెను. చక్కని పనివాడు. బడిలో శబ్దమంజరిని అందఱికంటె ముందు కంఠస్థము చేసినవాడు. నలుబదియేండ్లు నిండకమునుపే త్రాగుడు మరగెను. తెల్లవారి లేచునప్పటికి చేతులు వణకుచుండెడివి. ఒక గుక్క పడినగాని నాడె చేత నిలువదు. మేము దానిని సిగ్గులేనితన మనుకొంటిమి. అతని భార్య మా యింటికి వచ్చి, “అయ్యవారూ, మీ మాటంటే ఆయప్పకు గురి. మీరొక మాట చెప్పండి” అని ప్రాధేయపడెను. మేము శుక్రవారము సాయంకాలము అతనిని గుడికి తోడ్కొనిపోయి ప్రమాణము చేయించితిమి. అతడు మా పాదములంటి, కన్నీరు పెట్టి, ఇక ముట్టనని చెప్పెను. చెప్పినట్లే మాట నిలుపుకొనెను. అదియే అతని కొంప తీసినది.

శనివారము చెమటలు, వాంతులు. రాత్రి కంటికి కునుకు లేదు. విషము దిగిపోవుచున్నదని మేము సంతోషించితిమి. ఆదివారము సాయంకాలము మూర్ఛ వచ్చెను. ఇరుగుపొరుగువారు చేతిలో ఇనుపతాళము పెట్టిరి. సోమవారము రాత్రి గోడలపై చీమలబారులు కనబడుచున్నవని కేకలు వేయసాగెను. చనిపోయిన తండ్రితో మాటలాడెను. మంచముమీద కూర్చుండి లేని మగ్గమును నేయుచు, తెగని పోగులను ముడివేయుచుండెను. గాలి సోకినదని ఇంటివారు మంత్రగానిని పిలిపించిరి; అతడు దారము కట్టి, వేపాకు పొగ వేసి, తలుపులు మూయించెను. మంగళవారము వేకువను ఒళ్లు నిప్పువలె కాలుచుండగా ఆటోలో ఎక్కించిరి. ఆసుపత్రి చేరకముందే ఊపిరి ఆగిపోయెను.

కర్మాంతరమునాడు ఆ తల్లి మమ్ము నిందింపలేదు. ఒక్క ప్రశ్న మాత్ర మడిగెను: “తాగుతా ఉన్నన్ని దినాలు బతికుండె గదా అయ్యవారూ. మానినంక నాలుగు దినాలకు పోయె. ఎందుకట్లాయె?” వ్యాకరణము చదివిన మా నోట సమాధానము రాలేదు. మానసికవైద్యు లొకరు కొన్ని మాసముల పిమ్మట మాకు దాని సమాధానము చెప్పిరి. ఆ సమాధానమునే మీకు అప్పగింపవచ్చితిమి.

మనుష్యుని మెదడులో ఉద్రేకింపజేయు శక్తి యొకటి, శాంతింపజేయు శక్తి యొకటి సమతూకమున నుండును. మద్యము శాంతింపజేయు శక్తికి బలము చేకూర్చి, ఉద్రేకశక్తిని అణచును. నిత్యము త్రాగుచున్నచో మెదడు ఆ భారమునకు ఎదురుగా ఉద్రేకశక్తిని పెంచుకొని, శాంతిశక్తిని తగ్గించుకొని, మద్యముతోనే సమతూకమును కుదుర్చుకొనును. అట్టివానికి ఒక్కసారిగా మద్యము నిలిపినచో, పగ్గము తెగిన ఎద్దువలె ఉద్రేకశక్తి విజృంభించును. చివరిగుక్క పడిన ఆరు మొదలు ఇరువదినాలుగు గంటలలో వణకు, చెమట, గుండెదడ, వాంతి, నిద్రలేమి. మొదటి రెండు దినములలో కొందఱికి మూర్ఛలు. రెండవదినము మొదలు నాలుగవదినములోపల కొందఱికి జ్వరముతోను, దిక్కుతెలియని కలవరముతోను, లేనివి కనబడుటతోను కూడిన సన్నిపాతము. ఇంగ్లీషు వైద్యులు దీనిని డెలీరియం ట్రెమెన్స్ అందురు. మా శిష్యుడు లేని మగ్గమును నేయుటయు ఈ వ్యాధి లక్షణమే. ఇట్టి రోగులు తమ నిత్యవృత్తిని గాలిలో అభినయించుట వైద్యులు తఱచుగా చూచు విషయమట. దానిని మేము దయ్య మనుకొంటిమి.

త్రాగువారందఱికిని ఇట్లు జరుగదు. పలువురు కొద్దిపాటి వణకుతో బయటపడుదురు. కాని తెల్లవారి లేవగానే త్రాగవలసివచ్చువారు, లోగడ మానినప్పుడు మూర్ఛ వచ్చినవారు, చిరకాలముగా నిత్యము అతిగా త్రాగువారు, కాలేయవ్యాధిగాని వేఱొక జబ్బుగాని యున్నవారు వైద్యుని కంటియెదుటనే మానవలయును. ఆసుపత్రిలో క్లోర్‌డయాజెపాక్సైడు, డయాజెపాము, కాలేయము చెడినవారికి లొరాజెపాము వంటి మందులను మొదట తగుమాత్రలో ఇచ్చి, దినదినమును తగ్గించుచు సుమారు వారముదినములలో ఆపివేయుదురు. వీనితోపాటు థయామిను అను బి-1 విటమినును సూదిద్వారా ఇత్తురు. త్రాగుబోతుల శరీరమున ఈ విటమిను అడుగంటియుండును. అట్టివానికి థయామిను ఇయ్యక ముందుగా గ్లూకోజు సీసా ఎక్కించినచో మెదడునకు శాశ్వతమైన హాని కలుగవచ్చును. మన ఊళ్లలో ఒళ్లు తూలినవానికెల్ల గ్లూకోజు ఎక్కించు నలవాటు గలదు గనుక, ‘ఇతడు నిత్యము త్రాగువాడు’ అను మాటను ఇంటివారు సిగ్గుపడక వైద్యునితో మొదటనే చెప్పవలయును.

2015 సెప్టెంబరులో తెలంగాణమున నిజామాబాదు, మహబూబ్‌నగరు జిల్లాలలో కల్తీకల్లును అరికట్టినప్పుడు, అనేకులు వణకుచు, మూర్ఛిల్లుచు, పిచ్చికేకలు వేయుచు ఆసుపత్రులకు చేరిన వార్తలు మీరు చదివియుందురు. ఆ కల్లులో నిద్రమాత్రల పొడులు కలిపెడివారు. కల్తీ నాపుట తప్పుగాదు. ఆపినదినముననే వైద్యమును సిద్ధము చేయకపోవుట ప్రమాదము.

మన పూర్వులు ఈ విషయము నెఱుగనివారు గారు. చరకసంహిత చికిత్సాస్థానమున ఇరువదినాలుగవ అధ్యాయము మదాత్యయమును గూర్చినదే. సుశ్రుతుడును ఉత్తరతంత్రమున పానాత్యయమున కొక అధ్యాయము కేటాయించెను. చిరకాలముగా అలవాటైన అహితమును ఒక్కపెట్టున గాక పాదాంశక్రమమున విడువవలయునని చరకుని సూత్రస్థానము చెప్పుచున్నది. ఇది విని ఎవ్వరును ఇంటిలోనే తమకు తామై కొలత తగ్గించుకొనబోవలదు. శాస్త్రకర్తలు దీనిని వైద్యుని చేతిలోని పనిగా నెంచిరనుటకే ఈ ప్రస్తావన.

‘వ్యసనము’ అను పదమును కొంచెము విచారింతము. మనుష్యుని శ్రేయస్సునుండి త్రోసివేయునది వ్యసనమని అర్థశాస్త్రము వివరించినది. సంస్కృతమున ఈ పదమునకు ఆపద అనియు నర్థము. తెనుగున ‘వ్యసనపడుట’ యనగా దుఃఖించుట. ఒకే పదములో దురభ్యాసమును, ఆపదయు, దుఃఖమును మూడును గలవు. మనము మొదటి అర్థమును మాత్రము పట్టుకొని తిట్టుచున్నాము. తక్కిన రెండర్థములను మఱచితిమి.

ఇక నెవడు రోగి, ఎవడు కాడు? పండుగకు త్రాగినవాడెల్ల రోగి గాడు. అట్లని రోగముగానివాని త్రాగుడు హాని లేనిదనియు గాదు. ప్రపంచ ఆరోగ్యసంస్థవారి పదునొకండవ వ్యాధివర్గీకరణము 2022 జనవరి మొదట అమలులోనికి వచ్చినది. దాని ప్రకారము వైద్యులు మూడు లక్షణములను చూతురు. మొదటిది, ఎప్పుడు మొదలిడవలయునో ఎంతతో ఆపవలయునో తన వశమున లేకపోవుట. రెండవది, భార్యాబిడ్డలు, పని, ఆరోగ్యము అన్నిటికంటెను త్రాగుడే ముఖ్యమగుట, హాని కనబడుచున్నను మానకపోవుట. మూడవది, మునుపటి కొలత చాలకపోవుట, మానిన వణకుట మొదలగు శరీరచిహ్నములు. వీనిలో రెండైనను సాధారణముగా ఏడాదిగా, నిత్యము త్రాగువానికైనచో మూడుమాసములుగా కనబడినయెడల దానిని వ్యసనరోగ మందురు.

ఇంటివద్ద తెలిసికొనుటకు సులువైన నాలుగు ప్రశ్నలను 1984లో యూయింగ్ అను అమెరికా వైద్యుడు ప్రచురించెను. త్రాగుడు తగ్గింపవలయునని ఎన్నడైన తోచినదా? ఇతరులు దానిని గూర్చి మాటలాడిన కోపము వచ్చుచున్నదా? త్రాగినందుకు లోలోపల తప్పు చేసితినని బాధ కలుగుచున్నదా? తెల్లవారగానే వణకు తీఱుటకు త్రాగవలసి వచ్చుచున్నదా? రెండింటికి అవునన్నవాడు వైద్యుని చూడదగును. నాలుగవదానికి అవునన్నవాడు ప్రమాణము చేయుటకు గుడికి పోకముందే తప్పక చూడవలయును. ఆ ఒక్క ప్రశ్నను మేము నాడు అడిగియుంటిమేని మా శిష్యుడు నేడు ఈ సభలో మీ నడుమ కూర్చుండియుండును.

అడుగు రీతియు ముఖ్యమే. మంచి వైద్యుడు ‘సిగ్గులేదా?’ అని మొదలిడడు. ‘త్రాగుటవలన నీకు కలుగు సుఖమేమి? దానివలన పోగొట్టుకొనుచున్నదేమి?’ అని రెండును అడిగి, మానవలయునను మాట రోగి నోటనే వచ్చునట్లు ఓపికపట్టును. పిదప కాలేయమును, రక్తపుపోటును, నెత్తురును పరీక్షించును. నిద్ర యెట్లున్నది, దిగులున్నదా, చావవలయునను తలపు వచ్చుచున్నదా యని అడుగును. దిగులు త్రాగుడునకు కారణము కావచ్చును, ఫలమును కావచ్చును. దానిని చూడక మద్యమును మాత్రము మాన్పించినచో సగము రోగము లోపలనే యుండును.

వారముదినములలో వణకు తగ్గినంతమాత్రమున వైద్యము ముగియలేదు, అప్పుడే ఆరంభమగును. త్రాగవలయునను తహతహను తగ్గించుటకు నాల్ట్రెక్సోను, అకాంప్రోసేటు అను మందులు గలవు. డైసల్ఫిరాము అను వేఱొక మందు గలదు. అది పుచ్చుకొన్నవాడు మద్యము ముట్టినచో మొగము ఎఱ్ఱబారి, వాంతులై, గుండె దడదడలాడును. ఇచ్చట తల్లులకు, అక్కచెల్లెండ్రకు ఒక ప్రార్థన. ‘మీ వారికి తెలియకుండ అన్నములో కలుపుడు, త్రాగుడు మానును’ అని గోడలమీద ప్రకటనలు చూచుచుందురు. ఆ పొట్లములో డైసల్ఫిరామే యున్నచో, అది తెలియక త్రాగినవానికి రక్తపుపోటు పడిపోయి ప్రాణము మీదికి రావచ్చును. రోగికి తెలిసి, రోగి ఒప్పుకొని, వైద్యుడు పరీక్షించి ఇయ్యవలసిన మందది. ఆశతో కలిపిన చెయ్యి ఆపద తేరాదు.

మందుతోపాటు మాటయు వైద్యమే. ఏ వీథిలో నడచిన, ఏ మిత్రుడు పిలిచిన, ఏ కలహము జరిగిన కాళ్లు దుకాణమువైపు పోవునో రోగిచేతనే పట్టిక వ్రాయించి, ఒక్కొక్కదానికి ముందుగా ఉపాయము నేర్పుదురు. 1935లో అమెరికాలోని అక్రన్ పట్టణమున ఇరువురు త్రాగుబోతులు ఒకరికొకరు అండగా నిలిచి మానుటతో ఆల్కహాలిక్స్ అనానిమస్ అను సమాజము మొదలైనది. దాని కూటములు నేడు మన దేశమునను జరుగుచున్నవి. ఇన్ని చేసినను మరల తప్పువా రుందురు. మధుమేహరోగికి మిఠాయి తినుటచే చక్కెర పెరిగినచో మనము కులమునుండి వెలివేయుదుమా? మందు సరిచూచుకొమ్మందుము. తప్పి మరల త్రాగినవానికిని అదే నీతి. మఱియొక హెచ్చరిక: కొన్నాళ్లు మాని మరల పూర్వపు కొలతనే త్రాగుట మిక్కిలి అపాయకరము, ఏలయన శరీరము ఆ కొలతను మోయు నలవాటు కోల్పోయియుండును. కావున తప్పినవానిని తఱిమివేయక దగ్గఱకు తీయవలయును.

ఇప్పుడు ద్రవ్యము లేని వ్యసనమును గూర్చి. ఈ ప్రొద్దుటూరు బంగారపు అంగళ్లకు ఎంత పేరుపొందినదో, మట్కాకును క్రికెట్టు పందెములకును అంతయు పేరుపడినది. ఈ మాట ఈ ఊరి సభలో చెప్పుటకు సిగ్గైనను దాచి ప్రయోజనము లేదు. ఒకప్పుడు చీటీలమీద ఆడిన ఆట నేడు జేబులోని ఫోనులో ఆడుచున్నారు. జూదరి నోట వాసన రాదు, కాలు తూలదు. కావున ఇల్లు అమ్ముడుపోవువఱకు ఇంటివారికి తెలియదు. నూతన వ్యాధివర్గీకరణము జూదమును, వీడియో ఆటల వ్యసనమును గూడ రోగములలో చేర్చినది. లక్షణములు త్రాగుడువంటివే: పందెము నానాటికి పెంచుట, పోయినదానిని రాబట్టుటకై మరల ఆడుట, అబద్ధములు, రహస్యపు అప్పులు, ఆడవలదన్న చిరచిర. ఋగ్వేద దశమమండలమున ముప్పదినాలుగవ సూక్తము ఒక జూదరి గోడే: భార్య దూరమైనది, అత్త ద్వేషించుచున్నది, ఇక ఆడననుకొన్నవాడు పాచికల చప్పుడు వినగానే మరల పోవుచున్నాడు. వేదకాలపు ఋషికి తెలిసిన ఈ రోగమును మనము నేటికిని కేవలము పోకిరితన మనుచున్నాము.

పులివెందులలో మా దాయాదుల యింట నొక కుఱ్ఱవాడు క్రికెట్టు పందెములలో పడెను. మొదటిమారు అప్పులవాండ్రు ఇంటిముందు నిలిచినప్పుడు పెద్దలమందఱము కూడి తీర్చితిమి. అందులో మా పింఛను సొమ్మును గలదు. వాడు ఏడ్చి ఒట్టుపెట్టుకొనెను. ఏడాదిలో రెండవమారు తీర్చితిమి. మూడవమారు చీనీతోట అమ్మి తీర్చిరి. అప్పు తీర్చిన ప్రతిసారియు మేము జూదమునకు క్రొత్త పెట్టుబడి పెట్టుచుంటిమని నాడు గ్రహింపలేదు. నాలుగవమారు వాడు ఇల్లు విడిచి పోవుచు ఉత్తరము వ్రాసిపెట్టెను. దైవవశమున సకాలమున కనబడెను. అప్పుడు గాని వైద్యునియొద్దకు తీసికొనిపోలేదు. వైద్యుడు మొదట అడిగినది పందెములను గూర్చి గాదు, చావుతలపును గూర్చి. జూదరులలో ఆత్మహత్యాభయము మిక్కుటమని ఆయన చెప్పెను. పిమ్మట అప్పులన్నిటి పట్టికను దాచక వ్రాయించిరి. జీతము, బ్యాంకు కార్డు భార్యచేతిలో పెట్టించిరి. ఫోనులోని ఆటలను తీయించిరి. వారమువారము పిలిచి, ‘ఈసారి తప్పక వచ్చును’ అను భ్రమ ఎట్లు పుట్టుచున్నదో విడదీసి చూపిరి. అప్పును వాడే చిన్న వాయిదాలుగా తీర్చుకొనుచున్నాడు. నడుమ నొకమారు తప్పెను. దాచక వచ్చి చెప్పెను. నేడు పనిచేసికొనుచున్నాడు.

నలోపాఖ్యానమున నలుడు జూదమున మునిగియుండగా, దమయంతి వార్ష్ణేయుడను సారథిచేత బిడ్డలను విదర్భకు, తన పుట్టినింటికి పంపివేసెను. భర్తను విడువలేదు, బిడ్డలను మాత్రము పందెమునకు అందని చోట నుంచెను. జూదరి యింటివారు మొదట చేయవలసిన పని అదియే. బిడ్డల చదువును, ఇంటి పత్రములను, నగలను కాపాడి, పిదప మనిషిని కాపాడుకొనవలయును.

పిల్లలను గూర్చి ఒక్కమాట. ఫోను చేతబట్టిన బాలుడెల్ల రోగి గాడు. ఆటను ఆపలేక, చదువును నిద్రను తిండిని విడిచి, సుమారు ఏడాదిగా అట్లే సాగినచో అది వైద్యునకు చూపవలసినది. అంతకుమున్నే చేయి విరుగగొట్టుటవలన ఫలము లేదు.

చట్టము చాలదా యని కొందఱడుగుదురు. చట్టము మన జిల్లాకు క్రొత్త గాదు. రాజాజీగారి ప్రభుత్వము 1937 అక్టోబరు 1వ తేదీన సేలము జిల్లాలో మద్యనిషేధమును ప్రారంభించి, మఱుసటి యేడు 1938లో చిత్తూరునకును మన కడపజిల్లాకును విస్తరింపజేసెను. తెలుగుజిల్లాలలో ఆ ప్రయోగమును మొదట చూచినవి ఈ రెండే. 1992లో నెల్లూరుజిల్లా దూబగుంట స్త్రీలు లేవదీసిన సారావ్యతిరేకోద్యమము ఫలముగా 1993 అక్టోబరు 1న సారా నిషేధింపబడెను. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధము వచ్చి, 1997లో సడలిపోయెను. జూదపుటాటల విషయమున మన రాష్ట్రము 2020లో తన చట్టమును సవరించి అంతర్జాలపు పందెపుటాటలను నిషేధించెను; 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికిని అట్టి చట్టమునే చేసెను. ఆ తల్లుల పోరాటమునకు మేము శిరస్సు వంచుచున్నాము. చట్టము దుకాణపు తలుపు మూయగలదు, క్రొత్తవాడు పడకుండ అడ్డుకొనగలదు. కాని ఇదివఱకే పడినవాని మెదడులోని తహతహను మాన్పలేదు. ఆ పని వైద్యునిది, ఇంటివారిది, మనవంటి సంఘములది.

మన దేశమున ఆ పని ఎంత వెనుకబడియున్నదో ఒక లెక్క చెప్పి ముగింతుము. కేంద్రప్రభుత్వము ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులచేత జరిపించిన సర్వేక్షణము 2019లో ప్రకటింపబడినది. దాని ప్రకారము దేశమున సుమారు 16 కోట్లమంది మద్యము త్రాగువారు; వారిలో 5.7 కోట్లమందికి వైద్యసహాయము అవసరము. మద్యమునకు బానిసలైనవారిలో 38 మందికి ఒక్కరు మాత్రమే ఏదేని చికిత్స పొందితిమని చెప్పిరి. ఆ తక్కిన ముప్పదియేడుగురలో మన యింటివారెందఱో లెక్కించుకొనుడు.

కావున అధ్యక్షులవారికి మా మనవి. మూడవ తీర్మానమును త్రోసివేయవలదు, ఈ రీతిగా సవరింపుడు.

ఒకటి: ఎవ్వరిచేతను వైద్యపరీక్షకు ముందు ప్రమాణము చేయింపరాదు. కడప ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో మానసికవైద్య విభాగము గలదు; దూరము పోలేనివారు మొదట 14416 అను టెలిమానస్ సంఖ్యకుగాని, మత్తువ్యసనములకై ఏర్పడిన 14446 సంఖ్యకుగాని ఫోను చేసి సలహా పొందవచ్చును.

రెండు: జరిమానాకు బదులు ఒక నిధి. రోగికిని తోడుపోవువానికిని బస్సు చార్జీలు, రోగి ఆసుపత్రిలోనున్న దినములలో మగ్గము ఆగినందున ఇంటికి కావలసిన బియ్యము, ఆ నిధినుండి ఇయ్యవలయును. మా పింఛనునుండి ప్రతిమాసమును యథాశక్తిగా దానికి చెల్లింతుమని ఈ సభాముఖమున మాట ఇచ్చుచున్నాము.

మూడు: తప్పినవానిని శుభాశుభములకు పిలువకుండుట మానవలయును. వెలివేయబడినవానిని ఆదరముతో పిలుచు చోటు ఒక్కటే మిగులును, అది దుకాణము.

నాలుగు: జూదపు అప్పులను పెద్దలు తీర్చుట, వైద్యము మొదలిడనిదే, జరుగరాదు.

ఐదు: త్రాగుబోతును గొలుసుతో కట్టివేయు కేంద్రములకు పంపరాదు. 2017 మానసిక ఆరోగ్యరక్షణ చట్టము మద్యమాదకముల దుర్వినియోగమువలన కలుగు మానసికస్థితులను మానసికవ్యాధులలో చేర్చి, గొలుసులతో బంధించుటను నిషేధించినది.

ఆఱు: మన పెండ్లిండ్లలోను, దినములలోను, జాతరలలోను మద్యము పోయుట మానవలయును. ఒకచేత పోసి మఱొకచేత జరిమానా పుచ్చుకొనుట ధర్మము గాదు.

ప్రమాణమును మేము నిరసించుట లేదు. వైద్యము జరిగి, వణకు తీఱి, తెలివి తెలిసిన పిమ్మట రోగి తనంతతాను దేవత యెదుట కర్పూరము వెలిగించినచో ఆ ప్రమాణము బలమిచ్చును. మొదట వైద్యము, పిదప ప్రమాణము. ఈ వరుస తప్పినందున ఒక ఇల్లు కూలినది.

మా శిష్యుని భార్య బిడ్డలను పెంచి పెద్ద చేసినది. ఆ మగ్గముమీద ఇప్పుడు పెద్దకొడుకు నేయుచున్నాడు. ఈ సభకు బయలుదేరుటకు ముందు మేము వారి ఊరికి పోయి, ఈ సంగతి సభలో చెప్పవచ్చునా యని ఆమె నడిగితిమి. ఆమె కొంతసేపు ఊరకుండి, “పేరు చెప్పవద్దు అయ్యవారూ. జరిగింది మాత్రం చెప్పండి. ఇంకొకరింట్లో కాకుండా ఉంటే చాలు” అనెను. ఆమె చెప్పుమన్నది చెప్పితిమి. ఇక నిర్ణయము మీది.